బండి కట్టకముందే ధర తెలిస్తే

తెల్లవారుజామున పాల సేకరణ కేంద్రం ముందు క్యాన్లు, స్టీలు బకెట్లు వరుస కడతాయి. ఒకప్పుడు అక్కడ పని ఇలా సాగేది. కొలపాత్రతో పాలు కొలిచి, ప్రతి రైతు పాలలోంచి కొద్దిగా చిన్న సీసాలోకి తీసి, సీసాకు నెంబరు వేసి పక్కన పెట్టేవారు. వెన్న శాతం పరీక్ష ఆ తర్వాత తీరిక చూసుకుని చేసేవారు. గెర్బర్ పద్ధతిలో ఒక గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి యంత్రంలో గిరగిరా తిప్పితే వెన్న పైకి తేలుతుంది. గొట్టం మీద గీత చూసి శాతం రాసుకునేవారు. ఆ అంకె పుస్తకంలోకి ఎక్కి, లెక్కగా మారి, రోజుల తర్వాత రైతు చేతిలో డబ్బుగా పడేది. శాతం తక్కువ వేశారని రైతుకు అనుమానం వచ్చినా చేయగలిగింది ఏమీ లేదు. ఆ పాలు అప్పటికే అందరి పాలతో కలిసి ట్యాంకరెక్కి వెళ్లిపోయాయి.

1990ల రెండో సగంలో గుజరాత్‌లోని ఆనంద్ చుట్టుపక్కల పాల సహకార సంఘాల్లో ఈ వరుస మారింది. ఒక ఎలక్ట్రానిక్ కాటా, వెన్న శాతం చూపే యంత్రం, ఒక మామూలు కంప్యూటర్, దానికో చిన్న ప్రింటర్. అంతే సరంజామా. రైతు పాలు పోయగానే బరువు, శాతం, ధర, రావలసిన మొత్తం ముద్రించిన చీటీ చేతికి వస్తుంది. ఇప్పుడు తెలుగు పల్లెల్లో కూడా ఈ చీటీ కొత్త కాదు. కంప్యూటర్ వచ్చాక పని త్వరగా అవుతోందని అందరూ అంటారు. అది నిజమే అయినా అసలు మార్పు వేగంలో లేదు, వరుసలో ఉంది. పాత పద్ధతిలో పాలు కలపడం ముందు, శాతం తెలియడం తర్వాత. కొత్త పద్ధతిలో శాతం తెలియడం ముందు, పాలు కలపడం తర్వాత. ఈ ఒక్క తారుమారుతో నమూనా సీసాలు, వాటి నెంబర్లు, వాటికో పుస్తకం, శాతం మీద గొడవ, ఆ గొడవ తీర్చడానికి ఒక పెద్దమనిషి, ఇవన్నీ అక్కర్లేకుండా పోయాయి. వాటిని ఎవరూ వేగవంతం చేయలేదు. వాటి అవసరమే తీసేశారు.

వ్యాపారంలో సగం పని సమాచారం ఆలస్యంగా రావడం వల్ల పుట్టిన పనే. ముందే తెలియక తప్పు జరుగుతుంది. తప్పు పట్టుకోవడానికి ఒకరు, సరిదిద్దడానికి ఒకరు, ఆ ఇద్దరి మధ్య కాగితం మోయడానికి మరొకరు కావలసి వస్తారు. కొన్నేళ్లకు ఈ ముగ్గురూ ఒక విభాగం అవుతారు, విభాగానికి ఒక అధికారి వస్తారు. అక్కడికి కంప్యూటర్ తెస్తే ఆ విభాగం పని వేగంగా జరుగుతుంది గానీ, ఆ విభాగం ఎందుకు ఉందని కంప్యూటర్ అడగదు. అడగవలసింది మనిషే. సృజనాత్మక ఆలోచన అనే పెద్ద మాటకు ఈ రంగంలో అర్థం చాలా వరకు ఇదే. ఏ సమాచారం ఎక్కడ, ఎప్పుడు తెలిస్తే ఈ పనే పుట్టదో ఊహించగలగడం.

దీనికి పాఠ్యపుస్తకాల్లో చెప్పే ఉదాహరణ అమెరికాలోని ఫోర్డ్ కంపెనీది. ఎన్నిసార్లు విన్నా పాతబడని కథ ఇది. 1980ల మొదట్లో ఉత్తర అమెరికాలో సరఫరాదారులకు డబ్బు చెల్లించే విభాగంలో ఫోర్డ్‌కు 500 మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. కొత్త కంప్యూటర్లు పెట్టి ఆ సంఖ్యను 400కు తగ్గించాలని ప్రణాళిక వేసుకున్నారు. 20 శాతం తగ్గింపు, మంచి లక్ష్యమే అనుకున్నారు. అప్పటికి ఫోర్డ్‌కు జపాన్ కంపెనీ మాజ్దాలో వాటా ఉంది. అక్కడ ఇదే పని చేసేవాళ్లు 5 మంది. మాజ్దా చిన్న కంపెనీయే, కానీ ఎంత చిన్నదని సర్దిచెప్పుకున్నా 5కూ 400కూ పొంతన కుదరలేదు.

తేడా ఎక్కడుందో వెతికితే మూడు కాగితాల దగ్గర తేలింది. కొనుగోలు విభాగం ఆర్డరు ప్రతి పంపేది. సరుకు దిగిన చోటు నుంచి అది అందినట్టు తెలిపే పత్రం వచ్చేది. సరఫరాదారు బిల్లు పంపేవాడు. ఈ మూడింట్లో 14 అంశాలు సరిపోలితే డబ్బు వెళ్లేది. సరిపోలనప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో వెతకడంలోనే విభాగం కాలమంతా కరిగిపోయేది. మొదట వేసుకున్న ప్రణాళిక ఈ వెతుకులాటను వేగవంతం చేసేది. తర్వాత వచ్చిన ఆలోచన వేరు. ఆర్డరు కంప్యూటర్‌లో ఉంటుంది. లారీ వచ్చి గేటు దగ్గర నిలబడగానే గుమాస్తా తెర మీద చూస్తాడు. సరుకు ఆర్డరుతో సరిపోతే దించుకుంటారు, చెల్లింపు దానంతటదే కదులుతుంది. సరిపోకపోతే లారీ వెనక్కి తిరుగుతుంది. బిల్లు పంపవద్దని సరఫరాదారులకే చెప్పేశారు. సరిచూడవలసినవి 14 నుంచి 3కు తగ్గాయి: విడిభాగం నెంబరు, కొలమానం, సరఫరాదారు గుర్తు. విభాగంలో సిబ్బంది 75 శాతం తగ్గారు.

బిల్లు లేకుండా డబ్బు చెల్లించడం అన్న మాట ఆ రోజుల్లో ఏ లెక్కల అధికారి విన్నా ఉలిక్కిపడేవాడు. బిల్లు ఉండాలన్నది ఆ వృత్తిలో ప్రశ్నించని నియమం. సరుకు అందిందని కంపెనీకే తెలిసినప్పుడు, ధర ఎంతో ఆర్డరులోనే ఉన్నప్పుడు, బిల్లు కొత్తగా చెప్పేది ఏమిటి? ఏమీ లేదు. ఈ ప్రశ్న వేయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కానీ దానికి వచ్చిన జవాబును అమలు చేయడానికి గేటు దగ్గర కంప్యూటర్ తప్పదు. సమాచార వ్యవస్థకూ ఆలోచనకూ ఉన్న లంకె ఇదే. ఒకటి లేకుండా రెండోది సగంలో ఆగిపోతుంది.

ఈ కథను 1990లో లోకానికి వివరించి చెప్పినవారు అమెరికా నిర్వహణ నిపుణుడు మైకేల్ హామర్. ఆ తర్వాత పదేళ్లలో ఆయన మాటను అడ్డం పెట్టుకుని ఎన్నో కంపెనీలు మనుషుల్ని తీసేయడాన్నే సంస్కరణగా చూపాయి. మనుషుల వైపును తాను తగినంత పట్టించుకోలేదని హామరే తర్వాత ఒప్పుకున్నారు. ఆ లోటు గుర్తుంచుకుంటే మన దేశపు ఉదాహరణ ఒకటి మరింత విలువైనదిగా కనిపిస్తుంది.

మధ్యప్రదేశ్‌లో సోయాబీన్ పండించే రైతు 2000కు ముందు పంట అమ్మాలంటే రాత్రే ట్రాలీకి ఎత్తి, తెల్లారేసరికి మార్కెట్ యార్డుకు చేరేవాడు. అక్కడ ఏజెంటు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని చూసి, వేలం పాడేవాడు. ఆ క్షణం వరకు రైతుకు ఆ రోజు ధర తెలియదు. నచ్చకపోతే వెనక్కి తీసుకెళ్లడానికి మళ్లీ బాడుగ. కాబట్టి నచ్చినా నచ్చకపోయినా అమ్మేవాడు. తర్వాత బస్తాలకు ఎత్తడం, కాటా వేయడం, తరుగు తీయడం. అక్కడ కొన్న సరుకును మళ్లీ లారీకి ఎత్తి ఫ్యాక్టరీకి తోలేవారు. అంటే ఒకే గింజను రెండుసార్లు ఎత్తి, రెండుసార్లు దించి, రెండుసార్లు మోసేవారు. మన గుంటూరు మిర్చి యార్డులోనో మరే యార్డులోనో ఒక సీజను గడిపిన రైతుకు ఈ వర్ణన వేరే చెప్పనక్కర్లేదు.

2000 జూన్‌లో ఐటీసీ సంస్థ ఇక్కడ ఈ-చౌపాల్ మొదలుపెట్టింది. ఊళ్లో ఒక రైతు ఇంట్లో కంప్యూటర్ పెట్టారు. కరెంటు నమ్మలేని ఊళ్లు కాబట్టి సౌర ఫలకాలు, టెలిఫోను తీగలు నమ్మలేనివి కాబట్టి ఉపగ్రహ సంబంధం ఏర్పాటు చేశారు. ఆ రైతును సంచాలక్ అన్నారు. ఊరందరి ముందు ప్రమాణం చేసి ఆయన ఆ బాధ్యత తీసుకునేవాడు. ఆ రోజు కంపెనీ ఇచ్చే ధర ఊళ్లోనే తెలుస్తుంది. రైతు నమూనా తెస్తే సంచాలక్ చూసి సుమారు ధర చెప్పి చీటీ రాసిస్తాడు. ఇష్టమైతే రైతు నేరుగా కంపెనీ కేంద్రానికి తోలుకెళతాడు. అక్కడ ఎలక్ట్రానిక్ కాటా, నాణ్యత పరీక్ష, ఆ రోజే డబ్బు. ఇష్టం లేకపోతే యార్డుకే వెళతాడు, ఇంకొన్నాళ్లు ఆగుతాడు. రైతుకు బేరమాడే బలం ఇచ్చింది కంప్యూటర్ అనే వస్తువు కాదు. బండి కట్టకముందే ధర తెలియడం. ధర అదే అయినా, దాన్ని ఇంటి అరుగు మీద విన్న రైతు, యార్డులో దించిన సరుకు పక్కన నిలబడి విన్న రైతు ఒకేలా బేరమాడరు.

ఇందులో ఎక్కువమంది గమనించని తెలివి మరొకటి ఉంది. పాత కమీషన్ ఏజెంట్లను ఐటీసీ బయటికి నెట్టలేదు. సంయోజక్ అనే పేరుతో వారినీ వ్యవస్థలోకి తెచ్చింది. కొత్త సంచాలకులను గుర్తించడం, సరుకు రవాణా చూడడం, రైతుకు నగదు అందించడం వంటి పనులు అప్పగించింది. దళారీ దగ్గర రెండు ఉంటాయి. ఒకటి సమాచారాన్ని దాచి లాభపడే పని. రెండోది ఊళ్లతో పరిచయం, డబ్బు సర్దుబాటు, లారీలు, హమాలీలు కుదర్చడం వంటి నిజమైన సేవ. మొదటిదాన్ని తీసేసి రెండోదాన్ని నిలుపుకోవడం అనేది తెర మీద గీసే ప్రక్రియల పటంలో తట్టే ఆలోచన కాదు. యార్డులో తిరిగిన వాళ్లకే తడుతుంది. కంప్యూటర్‌తో మధ్యవర్తులను తొలగిస్తామని గొప్పగా చెప్పే పథకాలు చాలా వరకు ఇక్కడే దెబ్బతింటాయి. మధ్యవర్తి చేసే మంచి పనికి ప్రత్యామ్నాయం ఆలోచించకపోవడంతో అతడు మరో పేరుతో వెనక్కి వస్తాడు.

ఏది కంప్యూటర్ మోయలేదో కూడా యార్డే నేర్పుతుంది. 2016 ఏప్రిల్ 14న కేంద్ర ప్రభుత్వం ఈ-నామ్ పేరుతో జాతీయ వ్యవసాయ మార్కెట్ ప్రారంభించింది. మొదటి విడత 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లు చేరాయి. వాటిలో తెలంగాణ కూడా ఉంది. ఊహ గొప్పది. నిజామాబాద్ పసుపును ఎక్కడో దూరాన ఉన్న వ్యాపారి తెర మీద చూసి పాడుకోవచ్చు. కానీ ఆ వ్యాపారికి పసుపు కొమ్ము విరిచి రంగు చూసే వీలు లేదు. తేమ ఎంత, రంగు ఎంత అన్నది నమ్మదగిన పరీక్షతో అంకెల్లోకి మారితేనే అతడు ధైర్యంగా పాడతాడు. ఆ పరీక్షా సౌకర్యం, దాని మీద నమ్మకం లేని చోట తెర మీద కూడా పాడేది యార్డులో చేత్తో తాకి చూసిన స్థానిక వ్యాపారులే. ధరను తీగ మోస్తుంది. నాణ్యతను మోయాలంటే ముందు ఎవరో కొలవాలి. కొలవని దాన్ని ఏ వ్యవస్థా మోయలేదు.

సమాచార వ్యవస్థ అంటే కంప్యూటరే కానక్కర్లేదు కూడా. 1950లలో జపాన్ కార్ల కంపెనీ టొయోటా కర్మాగారంలో ఇంజనీరు తాయిచి ఓనో తెచ్చిన పద్ధతికి ఆధారం ఒక కార్డు ముక్క. అమెరికాలోని సూపర్ మార్కెట్ల గురించి ఆయన ఆలోచించారు. అక్కడ కొనేవాడు తనకు కావలసినంతే షెల్ఫు నుంచి తీసుకుంటాడు. ఖాళీ అయినంత మేరకే వెనక నుంచి నింపుతారు. కర్మాగారంలో మాత్రం వెనకవాడు చేసింది చేసినట్టు ముందుకు నెడుతున్నాడు, సరుకు గుట్టలు పడుతోంది. దాన్ని తిరగేసి, ముందు పనివాడు తీసుకున్నంతే వెనక పనివాడు చేయాలన్నారు. తీసుకున్నట్టు చెప్పేది ఆ కార్డు. దాని పేరే కాన్‌బాన్. కార్ల తయారీదారుడికి సమాధానం కిరాణా అంగట్లో దొరికింది. సృజన అంటే శూన్యంలోంచి పుట్టేదని అనుకుంటాం గానీ, ఈ రంగంలో అది ఎక్కువగా పొరుగు వృత్తిలోంచి అరువు తెచ్చుకున్నదే.

పాత అలవాటు కొత్త యంత్రంలోకి ఎంత సులువుగా దూరిపోతుందో చూడాలంటే రైల్వే టికెట్టును మించిన ఉదాహరణ లేదు. ఒకప్పుడు ఒక్కో రైలుకు ఒక్కో రిజిస్టరు. ఆ రిజిస్టరు ఉన్న కిటికీ దగ్గరే నిలబడాలి. పక్క కిటికీ ఖాళీగా ఉన్నా లాభం లేదు. 1980ల మధ్యలో న్యూఢిల్లీలో మొదలైన కంప్యూటర్ రిజర్వేషన్ మొదట తెంచిన ముడి ఇదే. ఏ కిటికీలోనైనా ఏ రైలుకైనా టికెట్టు. కానీ ఒక్కో నగరం వ్యవస్థ దానికదే ఉండేది. వాటిని కలిపే కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ను రైల్వేల సొంత సమాచార సంస్థ క్రిస్ తయారుచేసింది. దాన్ని తొలిసారి అమలుచేసింది 1994లో మన సికింద్రాబాద్‌లోనే. 1999 నాటికి దేశంలోని రిజర్వేషన్ కేంద్రాలన్నీ ఒక్కటయ్యాయి.

2002లో ఐఆర్‌సీటీసీ ద్వారా ఇంట్లో కూర్చుని టికెట్టు కొనే వీలు వచ్చింది. డబ్బు కట్టగానే బెర్తు ఖాయం. అయితే టికెట్టు? దాన్ని రైల్వే కాగితం మీద ముద్రించి, కొరియర్‌లో ఇంటికి పంపేవారు. రేపటి ప్రయాణానికి ఈ రోజు కొనడం కుదిరేది కాదు, ఎందుకంటే కొరియర్ రావాలి. కొనడం క్షణంలో అయింది, అందడం రోజుల్లో అయింది. సాంకేతికంగా లోటేమీ లేదు. టికెట్టు అంటే కాగితం అన్న నమ్మకమే అడ్డు. 2005లో ఈ-టికెట్టు వచ్చినప్పుడు మారింది ఆ నమ్మకం. టికెట్టు అంటే రైల్వే రికార్డులో ఒక వరుస. ప్రయాణికుడి చేతిలో ఉండవలసింది ఆ వరుసలోని మనిషి తానేనని చూపే గుర్తింపు కార్డు, తానే తీసుకున్న ఒక ప్రింటు. తర్వాత 2012లో ఆ ప్రింటు బదులు ఫోనులో వచ్చిన సందేశం చూపినా చాలన్నారు. ఏళ్లపాటు కొరియర్ సంచుల్లో తిరిగిన ఆ టికెట్ల గురించి ఏ కార్యాలయంలోనైనా తలచుకోవచ్చు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టించి, దాన్నే ముద్రించి సంతకం చేసి తెమ్మనే చోట ఆ కొరియర్ ఇంకా తిరుగుతున్నట్టే.

భూమి దగ్గరికి వస్తే ఈ విషయం తెలుగువారికి మరీ దగ్గరిది, మరీ కష్టమైనది. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ అనే పథకం కింద సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించారు. అంతకుముందు ప్రతి దస్తావేజునూ రిజిస్టరులోకి చేతిరాతతో ఎక్కించేవారు. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం, కావాలంటే ఏళ్ల తరబడి పుస్తకాలు తిరగేయాలి. దస్తావేజు తిరిగి చేతికి రావడానికి రోజులు, వారాలు పట్టేది. అది గంటల పనిగా మారింది. అయితే రిజిస్ట్రేషన్ ఒక శాఖది, పట్టా మార్పిడి, అంటే మ్యుటేషన్, మరో శాఖది. సబ్ రిజిస్ట్రార్ దగ్గర అమ్మకం పూర్తయినా, తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్ అయ్యేదాకా పాత యజమాని పేరే రెవెన్యూ రికార్డు అయిన పహాణీలో ఉండేది. ఒకే భూమిని ఇద్దరికి అమ్మడానికి సందు ఇచ్చింది ఈ ఖాళీయే. ఒక కార్యాలయం ఎంత వేగంగా పనిచేసినా రెండు కార్యాలయాల మధ్య దూరం తగ్గలేదు.

2020 అక్టోబరు 29న తెలంగాణలో ధరణి అనే భూ రికార్డుల పోర్టల్ వచ్చినప్పుడు ఈ దూరాన్ని చెరిపేశారు. వ్యవసాయ భూములకు తహసీల్దారునే రిజిస్ట్రేషన్ అధికారిగా చేసి, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే చోట, ఒకేసారి పూర్తయ్యేలా అమర్చారు. ప్రక్రియ రూపకల్పనగా చూస్తే ఇది ఫోర్డ్ గేటు దగ్గర జరిగినదానికి తీసిపోదు. రికార్డు తప్పులేకుండా ఉన్న రైతుకు నిజంగా మేలు జరిగింది.

తప్పున్న రైతు సంగతి వేరు. విస్తీర్ణంలో అరెకరం తక్కువ పడినా, పేరులో అక్షరం మారినా, పట్టా భూమి పొరపాటున నిషేధిత జాబితాలో చేరినా తహసీల్దారు కార్యాలయంలో దిద్దే అధికారం లేకపోయింది. ఎన్నో రకాల దరఖాస్తులు కలెక్టరు దాకా వెళ్లాయి. కొన్నింటికి సివిల్ కోర్టే దారి అన్నారు. అధికారుల చేతివాటానికి తావు లేకుండా చేయాలన్న ఉద్దేశంతోనే దిద్దుబాటు దారులు మూశారు. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టలేం. కానీ తరాల నాటి రికార్డుల్లో తప్పులు అరుదైనవి కావు, అవి రోజువారీ సంగతి. పాత వ్యవస్థలో ఒక గుమాస్తా, ఒక వీఆర్వో తమకు తెలిసిన ఊరి సంగతులతో ఆ తప్పులను సర్దేవారు. ఆ సర్దుబాటులో అవినీతి ఉంది, అవసరమైన సేవ కూడా ఉంది. యార్డులో దళారీ విషయంలో ఐటీసీ విడదీసి చూసింది ఇక్కడ విడదీయలేదు. ఫోర్డ్ గేటు దగ్గర సరుకు సరిపోకపోతే లారీని వెనక్కి పంపవచ్చు. భూమిని, దాని మీద బతికే మనిషిని ఎక్కడికి పంపుతారు?

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. రికార్డుల సవరణకు, అప్పీలుకు కింది స్థాయిల్లో దారులు తెరిచారు. ఆ వేసవిలో అధికారులు ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టారు. పాత పాసుపుస్తకం, పహాణీ నకలు, తాతల నాటి దస్తావేజు పట్టుకుని వచ్చిన రైతులు బల్ల ముందు వరుసలో నిలబడి, తమ చెలక ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉందో చెబుతుంటే అధికారులు దరఖాస్తులు తీసుకుని రాసుకున్నారు. హద్దు రాయి ఎక్కడుందో చెప్పడానికి పక్క పొలం రైతు కూడా ఆ వరుసలోనే ఉంటాడు.